వాటం

తుపానుకి పదకొండు కొబ్బరిచెట్లు పడిపోయాక
వజ్రపుకొత్తూరు రోడ్డులో మా పెరట్లోకి
ఆకాశం ఒక్కసారిగా వచ్చి కూర్చుంది.
ఏం చెయ్యాలో దానికీ తెలీలేదు, మాకూ తెలీలేదు.

రెండో ఏడు టేపు పట్టాను.
హైస్కూల్లో ఇరవై రెండేళ్లు ఈల ఊదినవాణ్ణి,
పద్దెనిమిది మీటర్లు, తొమ్మిది మీటర్లు
నిద్దట్లో లేపినా అడుగుల్తో కొలిచేస్తాను.
చుట్టూ మూడేసి మీటర్లు వదలాలన్నాను.
దమయంతి చేట పక్కన పెట్టి అంది:
"మరి నా నలబై బస్తాల పిక్కలు
నీ ఈల మీద ఎండబెట్టాలా?"

తనది చిన్న జీడి యాపారం,
ఆరుగురు ఆడవాళ్లు, మూడు కత్తులు, ఒక బాయిలరు.
బేరం వంటింటి గుమ్మంలో తెగింది.
నేల నాది, ఎండ తనది.
మార్చి నుంచి జూను దాకా
పొద్దున్నంతా పిక్కలవి,
పొద్దు వాలాక బంతిది.

మందస నుంచి తవిటయ్య మేస్త్రీ వచ్చాడు.
దారం లాగి, ఒక కన్ను మూసి,
"ఆటదేటుంది మాస్టారూ, వాటం ముక్కిం" అన్నాడు.
మీటరుకి సెంటీమీటరు, ఈశాన్యం వైపు.
నీళ్లకి వాస్తు తెలుసట.
మొదళ్లు తవ్వాం. వేళ్లు వదల్లేదు,
సగం తెగాయి, సగం మేం చూడనట్టు నటించాం.
ఇసక పోసి, తడిపి, దిమ్మిసా కొట్టి,
కంకర, చువ్వలు, సిమెంటు.
పద్నాలుగు రోజులు గోనెపట్టాలు ఆరనివ్వకుండా
అన్నాలు తిన్నాక బిందెల్తో తడిపింది
ఆ ఆరుగురే.
ఎవరి కోసమని అడగలేదు వాళ్లు.
నేనూ చెప్పలేదు.

పసుపు గీతలు గీశాం.
స్తంభాలు నిలబెట్టాం.
కొక్కెం ఎత్తు రెండు మీటర్ల నలభై మూడు.
వల కట్టిన సాయంత్రం
దాలమ్మ వచ్చి దాని కింద నిలబడి
చెయ్యి పైకెత్తింది.
జీడిరసం తిన్న వేళ్లు,
కొసల్లో తోలు లేచి, నలుపు దిగిన వేళ్లు
అంచుకి చాలా కిందనే ఆగిపోయాయి.
"ఏటి మాస్టారూ,
ఈ వల కాకులకా, మనుసులకా?"

నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.
రెండు మీటర్ల ఇరవై నాలుగు.
ఆ అంకె నాకు తెలీదా?
ఏటేటా ఆడపిల్లల చేత వల్లె వేయించాను.
సొంత పెరట్లో స్తంభానికి మాత్రం
చెప్పడం మర్చిపోయాను.

మర్నాడు ఢిల్లీశ్వర్రావు వెల్డింగు సెట్టు మోసుకొచ్చి
పంతొమ్మిది సెంటీమీటర్లు దించి
ఇంకో కొక్కెం అతికించాడు.
నిప్పురవ్వలు చూడొద్దంటే
ఆరుగురూ చూశారు.

ఇప్పుడు అయిదున్నర అయితే చాలు,
కొంగులు బిగించి, చేతుల ఆముదం తుడుచుకుని
అటు ముగ్గురు, ఇటు ముగ్గురు.
ఆముదం పూర్తిగా పోదు.
బంతి జారుతుంది,
సర్వీసు వెళ్లి బాయిలరుకి తగులుతుంది,
దమయంతి లోపల్నుంచి తిడుతుంది.
కుర్రాళ్లు గోడెక్కి కూచుంటారు
తమ వంతెప్పుడని.
పాయింటుకో పిక్క గట్టు మీద పెడతారు.
నా ఈల ఎవరికీ అక్కర్లేదు.

తొలకరి పడ్డ మర్నాడు చూశాను,
ఎడం చేతి వెనక మూల
పళ్లెమంత నీళ్లు నిలిచాయి.
ఎనిమిదో కొబ్బరిచెట్టు ఉన్న చోటు.
తవిటయ్య వచ్చి, గొంతుక్కూచుని, అరచేత్తో రాసి,
"చెట్టింకా దిగుతున్నాది మాస్టారూ" అన్నాడు.
పగలగొట్టి మళ్లీ వేస్తానన్నాడు.
వద్దంది దమయంతి.

ఎంత దూరం కొట్టినా
గీత దాటిన బంతి తిరిగి తిరిగి
ఆ పల్లంలోకే వచ్చి ఆగుతుంది,
పరిగెత్తే పని లేదు.
పిక్కలెత్తి, చీపురు తిప్పేశాక కూడా
అక్కడ రెండో మూడో మిగులుతాయి.

దాలమ్మ వాటిని
తన పాయింట్లలో కలిపేసుకుంటుంది.